ఉప్పు వేయని నీళ్ళు

జూన్ 12

అత్తా,

చేరాను. బస్సులో వాంతి చేసుకోలేదు. నువ్వు అడిగే మొదటి ప్రశ్న అదే కాబట్టి ముందు అదే చెప్తున్నాను. మన సబ్బుల కార్ఖానా ఫోన్‌కి చేస్తే నాన్న పక్కనే కూర్చుని వింటాడు, వెనక బాయిలర్ రొద పెడుతుంది. అందుకని ఉత్తరాలే నయం. వీటిని నువ్వొక్కదానివే చదువు. ఎందుకో చెప్తాను.

హాస్టల్లో గది మూడో అంతస్తులో. కిటికీ తీస్తే ఎదురు మేడ మీద నీళ్ళ ట్యాంకు, దాని మీద ఎవరో ఆరేసి మర్చిపోయిన ఒంటరి మేజోడు. గదిలో నాతోపాటు లెక్కల అమ్మాయి ఉంటుంది. ఆమె ఎవరితోనూ మాట్లాడదు. గోడకేసి చూసి నవ్వుకుని, కాగితం మీద ఏదో రాసుకుంటుంది. మొదటి రెండు రోజులు భయపడ్డాను. ఇప్పుడు ఆమె నవ్వకపోతే బెంగగా ఉంటోంది.

ఇక పని. మొదటి రోజు, నా పరిశోధన చూసే మేడం నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నీకు సిగ్గెక్కువా?" అని అడిగింది. "దేని దగ్గర అన్నదాన్ని బట్టండీ" అన్నాను. "సరే" అని పని ఇచ్చింది. నేను చదవాల్సింది వీర్యకణాల గురించి, అత్తా. ఎదిగినవి కూడా కాదు, ఇంకా తయారవుతున్నవి. వాటి పైపొరలో ఉండే కొవ్వుల గురించి. నోటి మీద చెయ్యి తీసేసి మిగతాది చదువు.

ఒంట్లో ప్రతి కణానికీ చుట్టూ పల్చని కొవ్వు పొర ఉంటుంది. అది ఉండబట్టే లోపలిది లోపల, బయటిది బయట ఉంటాయి. వీర్యకణాల తీరు వేరు. తయారయ్యేటప్పుడు ఒక తల్లి కణం పిల్లలన్నీ సన్నని వంతెనలతో కలిసే ఉంటాయి. చివర్లో విడిపోయి, ఒంట్లో ఉన్న సామానంతా వదిలించుకుంటాయి. మిగిలేది తల, తోక, వాటి మీద పొర. దూర ప్రయాణం పోయేవాడు మూటాముల్లె అన్నీ గుమ్మంలోనే పారేసి, ఒంటి మీది చొక్కాతో బయల్దేరినట్టు. కాబట్టి ఆ చొక్కా దేంతో నేశారన్నది చాలా పెద్ద సంగతి. అందులో ఒక కొవ్వు ఉంది. దాని తలకి చక్కెర, ఆ చక్కెరకి గంధకం తగిలించి ఉంటాయి. ఎలుకల్లో ఆ ఒక్కటి తయారవకపోతే కణాలు సగంలో ఆగిపోతాయి, ఆ మగ ఎలుకకి ఇక పిల్లలు పుట్టవు. పొట్టేళ్ళలో అది ఏ వయసులో, ఏ దశలో మొదలవుతుందో కనుక్కోవడం నా పని.

వారానికి రెండు పొద్దులు ఐసు డబ్బా పట్టుకుని, పొట్టేళ్ళ వృషణాల కోసం కబేళాకి వెళ్తున్నాను. అక్కడి మేస్త్రీ మొదటి రోజు నన్ను ఎగాదిగా చూశాడు. "తలకాయ అడిగేవాళ్ళు వస్తారు, కాలేయం అడిగేవాళ్ళు వస్తారు. ఇవి కావాలని వచ్చిన ఆడపిల్లవి నువ్వొక్కదానివే. ఇంట్లో తెలుసా?" అన్నాడు. "తెలియదు, మీరు చెప్పకండి" అన్నాను. అప్పటి నుంచి మంచివి ఏరి పక్కన పెడుతున్నాడు.

నాన్నకి నేనే చెప్తాను, కాస్త కుదురుకున్నాక. నువ్వు అబద్ధం ఆడక్కరలేదు. కొవ్వుల మీద చదువు అని చెప్పు. అది నిజమే కదా.

నీ ప్రశ్నలపుట్ట


జూన్ 25

ప్రశ్నలపుట్టా,

నోటి మీద చెయ్యి పెట్టుకోలేదు. చేతిలో తెడ్డు ఉంది.

ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నువ్వు బాగున్నావా అని. రెండోసారి అర్థం కావడానికి. మూడోసారి ఊరికే. ఆ వంతెనలు ఎందుకు? అన్నీ కలిసి ఉండకపోతే ఏం పోయింది? అది రాయలేదు నువ్వు. ప్రశ్నలు నీ ఒక్కదానికే ఉంటాయనుకున్నావా?

ఇక్కడ ఒక పని చెడింది. నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. మీ నాన్న కాగు కలుపుతున్నాడు. "అమ్మాయి కొవ్వుల మీద చదువుతోంది" అన్నాను. తెడ్డు ఆపేశాడు. "మన కొవ్వులా?" అన్నాడు. "కొవ్వు కొవ్వే కదా" అన్నాను. నోరు మూసుకోవాల్సింది అక్కడ.

ఇప్పుడు నువ్వు సబ్బుల చదువు చదువుతున్నావు. సరుకు కొనడానికి వచ్చిన ప్రతివాడికీ చెప్తున్నాడు. రెండేళ్ళలో వచ్చి కార్ఖానా రూపు మార్చేస్తావట. ఉప్పు బస్తాల గది ఖాళీ చేయించి సున్నం కొట్టించాడు. నీ ప్రయోగశాల అట. గుమ్మానికి నీలం రంగు వేయాలా పచ్చరంగు వేయాలా అని నన్ను అడిగాడు. బస్తాలు ఇప్పుడు నా మంచం కింద ఉన్నాయి. పడుకుంటే ఒళ్ళంతా ఊరేసినట్టుంది.

మీ అమ్మ పోయాక ఇంత నవ్వు అతని మొహంలో నేను చూడలేదు. అందుకే కాదని చెప్పలేకపోయాను. నువ్వే తొందరగా చెప్పు.

తిండి మానకు. కబేళాకి వెళ్ళేటప్పుడు పాత చెప్పులు వేసుకో.

అత్త


జూలై 19

అత్తా,

గురువారం పార్సెల్ వచ్చింది. నాకు కాదు, మేడంకి. పన్నెండు సబ్బులు, పైన నాన్న గుమాస్తాతో రాయించిన చీటీ. "మా అమ్మాయికి సబ్బు శాస్త్రం నేర్పుతున్న తమరికి మా కృతజ్ఞతలు. నురగ విషయంలో ప్రత్యేక శ్రద్ధ తీసుకోగలరు" అని ఉంది. మా సీనియర్ దాన్ని టీ తాగేటప్పుడు అందరి ముందూ పైకి చదివాడు. అప్పటి నుంచి నా పేరు నురగ. "నురగ వచ్చిందా?" "నురగ ఇంకా పొంగలేదా?" ఇదీ వరస. మేడం నవ్వలేదు. ఒక సబ్బు తీసుకుని వాసన చూసి, చేతులు కడుక్కునే చోట పెట్టింది. బాగుందని కూడా అంది.

నాకు నాన్న మీద కోపం రాలేదు. నీ మీద వచ్చింది, తర్వాత నా మీద వచ్చింది. దయచేసి ఆయనకి నిజం చెప్పు. నేను మూడుసార్లు ఉత్తరం మొదలుపెట్టి చింపేశాను.

వంతెనలు అడిగావు కదా. తల్లి కణం ఆస్తి పంచినప్పుడు ఒక్కో పిల్లకీ సగమే వస్తుంది. ఒకదానికి వచ్చింది ఇంకోదానికి రాదు. వంతెనల మీదుగా లేనిదాన్ని ఉన్నది ఆదుకుంటుంది.

పని మాత్రం ముందుకు పోవడం లేదు. ఎలా చేస్తామో చెప్తాను. కణాలని క్లోరోఫాం కలిపిన మందులో నలుపుతాం. నీళ్ళు పోసి కదలకుండా ఉంచితే రెండు పొరలుగా విడిపోతుంది. మన కాగులో లాగా కాదు, ఇక్కడ నీళ్ళు పైన, కొవ్వు కరిగిన క్లోరోఫాం అడుగున. పైది పారేసి, అడుగుది తీసుకుని, మళ్ళీ మంచినీళ్ళతో రెండుసార్లు కడిగి, పొడి పూసిన గాజు పలక మీద చుక్క పెడతాం. కొవ్వులన్నీ పలక మీద పైకి పాకుతూ వేరు వేరు ఎత్తుల్లో ఆగుతాయి. మందు చల్లి వేడి చేస్తే నాకు కావాల్సింది ఊదా రంగు మచ్చగా కనబడాలి. దాని తల నీళ్ళ వైపు లాగుతుంది, తోక నూనె వైపు. విచిత్రమైన జీవి. ఐదుసార్లు చేశాను. మచ్చ లేదు. మచ్చ నీడ కూడా లేదు.

సీనియర్ ఆరేళ్ళ కిందట ఒక వ్యాసం రాశాడు, పొట్టేళ్ళలో ఆ కొవ్వు లేనట్టే అని. "లేనిదాన్ని ఎందుకు వెతుకుతావు? కాలేయం మీదకి మారిపో. మర్యాదగా ఉంటుంది, ఇంట్లోనూ చెప్పుకోవచ్చు" అంటాడు. ఆగస్టు ఇరవై ఆరున సమీక్ష ఉంది. అప్పటికి ఏమీ చూపించకపోతే నన్ను అతని కింద కాలేయానికి మార్చేస్తారు. కానీ అత్తా, కబేళా మేస్త్రీని అడిగాను. ఆ పొట్టేళ్ళకి మందల నిండా పిల్లలున్నాయట. ఎలుకకి అంత అవసరమైనది పొట్టేలుకి అక్కరలేకుండా ఎలా ఉంటుంది? నేను మారను.

ఇంకొక మాట. రాయాలా వద్దా అని వారం ఆలోచించాను. పిల్లలు పుట్టని జంటల్లో దాదాపు సగం చోట్ల కారణం మగవాడి వైపు కూడా ఉంటుందని పుస్తకాల్లో ఉంది. అది చదివిన రోజు నువ్వు గుర్తొచ్చి ఏడ్చాను. గొడ్రాలని నిన్ను పంపించేశారు. ముప్పై ఏళ్ళు మా ఇంట్లో తల వంచుకుని బతికావు. నీ తప్పు కాకపోవచ్చని నీకు తెలియాలి. నేను ఈ పనిని ఇంత గట్టిగా పట్టుకున్నది సగం నీ కోసమే.

నీ
ప్రశ్నలపుట్ట


జూలై 28

పిలుపు లేకుండా మొదలుపెడుతున్నాను. కోపంగా ఉన్నాను.

నా కోసం ఏడవడానికి నేనేమైనా చచ్చానా? తల వంచుకుని బతికానా? కాగులోకి చూడాలంటే తల వంచాలి. అది నువ్వు చూశావు. ఎందుకు వంచానో అడగలేదు.

నన్ను ఎవరూ పంపించలేదు. విను. పెళ్ళైన నాలుగేళ్ళలో నన్ను ముగ్గురు డాక్టర్ల దగ్గరికి తీసుకెళ్ళారు. ముగ్గురూ నాలో ఏమీ లేదన్నారు. నాలుగో డాక్టర్ దగ్గరికి బయల్దేరదీశారు. నేను వీధి గుమ్మంలో కూర్చున్నాను. "ఈసారి ఆయన్ని తీసుకెళ్ళండి. ఆయన ఒక్కసారి వెళ్ళొస్తే నేను ఇంకో నలుగురి దగ్గరికి వస్తాను" అన్నాను. "మగవాడు వెళ్తాడా ఎక్కడైనా" అంది మా అత్తగారు. అతను చెప్పులు వేసుకుని బజారుకి పోయాడు. తిరిగొచ్చేసరికి నేను లేను. పెట్టె నేనే సర్దుకున్నాను, బస్సు నేనే ఎక్కాను.

పంపించేశారని ఊళ్ళో చెప్పింది మీ నాన్న. వదిలేసి వచ్చిన అక్క కంటే వదిలేయబడిన అక్క ఇంట్లో ఉండటం మర్యాదట. చిన్నవాడు, భయపడ్డాడు, పోనీలే అని ఊరుకున్నాను. నేను ఊరుకోవడం అదొక్కసారే.

తప్పు నాదో అతనిదో నాకు తెలియదు. నాకు అక్కరలేదు. సగం నా కోసం చదువుతున్నానంటావా? అయితే ఆ సగం మానెయ్. నా మీద జాలితో చేసే పని నాకు వద్దు. నీకు తెలుసుకోవాలని ఉంటే చదువు, లేకపోతే వచ్చి కాగు కలుపు.

కోపం అయిపోయింది. ఇక నీ నీళ్ళ సంగతి.

ఆ కొవ్వు తల నీళ్ళ వైపు, తోక నూనె వైపు లాగుతుందన్నావు. అది మన సబ్బు గుణమే కదే. మరి మంచినీళ్ళతో రెండుసార్లు కడిగితే నీళ్ళలోకి పోదా? సబ్బు ఉడికి కాగులో జిగురులా నీళ్ళతో కలిసిపోయి ఉన్నప్పుడు ఏం చేస్తాం? ఉప్పు వేస్తాం. చిన్నప్పుడు స్టూలెక్కి నువ్వే వేసేదానివి, గుప్పెడు చాలంటే రెండు గుప్పెళ్ళు. ఉప్పు పడగానే సబ్బు నీళ్ళని వదిలిపెట్టి పైకి తేలుతుంది. ఉప్పు వేయకుండా నీళ్ళు వంపేశావంటే సబ్బంతా కాలవలో పోతుంది. మీరు కడిగే నీళ్ళలో ఉప్పు వేస్తారా? వేయకపోతే లేదు లేదని పలక మీద వెతకడం ఎందుకు, పారబోసిన నీళ్ళలో వెతుకు.

నీ రెండో తరగతి పలక మీద నీ వెనక దిద్దుకున్న అక్షరాలు ఇవి. వీటితో ఇంత పొడుగు తిట్టడం ఇదే మొదలు. చెయ్యి నొప్పి పుట్టింది.

అత్త


ఆగస్టు 9

అత్తా,

నేను కథ తెలియకుండానే నీకు ఓదార్పు పంపాను. తప్పు నాది. ఇంకోసారి ఏడవను, ఏడ్చినా నీకు రాయను. ఆ గుమ్మంలో కూర్చున్న మనిషిని నేను చూసి ఉంటే బాగుండేది.

ఇప్పుడు కూర్చుని చదువు.

నీ ఉత్తరం అందిన పొద్దున నేరుగా గోడ దగ్గరికి వెళ్ళాను. అక్కడ మా పద్ధతి కాగితం అంటించి ఉంటుంది, కింద సీనియర్ సంతకం. నాలుగో వరసలో "నీళ్ళతో రెండుసార్లు కడగాలి" అని ఉంది. పాత రిజిస్టర్ తీశాను. అందులో, సీనియర్ రాకముందు, మేడం చేత్తో "పల్చని ఉప్పునీళ్ళతో" అని రాసి ఉంది. దాన్ని కొట్టేసి "నీళ్ళు" అని మార్చారు. పక్కన కారణం కూడా రాసుంది. ఉప్పు వల్ల కొవ్వులు కొలిచే మిషన్ సూది పూడుకుపోతోందట.

పై నీళ్ళు పారబోసే డబ్బా ఇంకా అక్కడే ఉంది, తీసుకెళ్ళేవాడు ఆ వారం రాలేదు. అందులోంచి కొంత తీసుకుని, ఎండబెట్టి, పలక మీద చుక్క పెట్టాను. మందు చల్లాను. వేడి చేశాను. ఎత్తు సరిగ్గా ఉన్నచోట, చింపిరిగా, కానీ ఊదా రంగులో, మచ్చ. ఐదు వారాలుగా నేనే దాన్ని ఆ డబ్బాలో పారబోస్తున్నాను.

తర్వాత కొత్తగా చేశాను, ఉప్పునీళ్ళతో. అప్పుడది అడుగు పొరలోనే నిలబడింది. ఎదిగిన పొట్టేలులో ముద్రలా పడింది. నెలల పిల్లలో లేదు. నడిమి వయసుదాంట్లో లేతగా ఉంది. అంటే కణాలు సగం దారికి వచ్చినప్పుడు మొదలవుతోంది, అత్తా. నా కళ్ళతో చూశాను.

సీనియర్‌కి చూపించాను. చాలాసేపు చూసి, "నీ చేతులకి మీ నాన్న సబ్బు అంటుకుని ఉంటుంది" అన్నాడు. నాకు చెవులు వేడెక్కాయి. మర్నాడు చేతికి రెండు జతల గ్లవ్స్ వేసుకుని మళ్ళీ చేశాను. పక్కనే ఇంకో చుక్క, అచ్చంగా నాన్న సబ్బు కరిగించి పెట్టాను. సబ్బుకి ఊదా రంగు రాలేదు. చక్కెర లేనిదానికి ఆ రంగు రాదు, అది అతనికి నాకంటే బాగా తెలుసు. ఆ పలక అతని బల్ల మీద పెట్టి వచ్చాను.

సాయంత్రం పిలిచాడు. ఈసారి మెత్తగా మాట్లాడాడు. "సమీక్షలో పద్ధతి కొంచెం మార్చానని చెప్పు, చాలు. పాతదాంట్లో పోయిందని చెప్పకు. ఇంతకీ నీకు ఎవరు చెప్పారు?" అన్నాడు. సబ్బు వండేవాళ్ళని అడిగానన్నాను. "ఆ మాట అసలే అనకు. మన ల్యాబ్ పరువు పోతుంది" అన్నాడు. ఆరేళ్ళ వ్యాసం అతనిది. పాపం అనిపించింది కూడా. కానీ అతను చెప్పినట్టు చెప్తే, తర్వాత వచ్చేవాళ్ళు ఆ వ్యాసం చూసి మళ్ళీ నీళ్ళు పారబోస్తారు.

నీ సంగతి చెప్పనా, వద్దా?

ప్రశ్నలపుట్ట


ఆగస్టు 9

పిల్లా,

నీ జవాబు ఇంకా రాలేదు. కోపం వచ్చిందేమో. వచ్చినా సరే, ఇది తెలియాలి.

మీ నాన్నకి చెప్పేశాను. సబ్బు పొడి సంచీ పట్టుకుని అక్కడికి బయల్దేరతానన్నాడు, నీ ప్రయోగశాల చూసి మనదీ అలాగే కట్టిస్తాడట. ఇక ఆగలేదు. కాగుల దగ్గర, పనివాళ్ళు ఉండగానే చెప్పాను. "నీ కూతురు చదివేది సబ్బు కాదు. పొట్టేళ్ళ వీర్యకణాలు. వాటి మీద పొర" అన్నాను.

అచ్చులు కోసే ఆవిడ చేతిలో తీగ జారిపోయింది. మీ నాన్న తెడ్డు గోడకి ఆనించి బయటికి వెళ్ళాడు. ఎనిమిది రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. కాగుతో మాట్లాడాడు. దాన్నే తిట్టాడు.

తొమ్మిదో రోజు నా దగ్గరికొచ్చి, "ఆడపిల్ల చదవడానికి లోకంలో ఇంకేమీ దొరకలేదా?" అన్నాడు. "ఏది చదివితే నీకు పర్వాలేదు?" అన్నాను. గడ్డం గోక్కుని చాలాసేపు ఆలోచించి, "కాలేయం" అన్నాడు. నవ్వాపుకోలేకపోయాను. దాంతో ఇంకా కోపం వచ్చింది. "అది మార్చుకోమను. లేకపోతే నెలాఖరుకి ఇంటికి వచ్చేయమను. రెండూ చేయకపోతే ఇక రానక్కరలేదు" అన్నాడు.

అతని మాట అతను చెప్పినట్టే రాశాను. ఒప్పుకోమని రాయలేదు. తేడా చూసుకో.

అత్త


ఆగస్టు 18

ప్రశ్నలపుట్టా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి పలకరించుకోకుండా పోయాయి. నీకు కోపం రాలేదన్నమాట.

ఉప్పు సంగతి చదివి తెడ్డు పక్కన పెట్టి కూర్చున్నాను. కాగు అడుగంటింది. మీ నాన్న అరిచాడు. అరవనిచ్చాను.

చెప్పు. కానీ "మా అత్త చెప్పింది" అనకు. అత్త అంటే ఇంట్లో ఎవరో ముసలావిడ ఏదో గొణిగిందనుకుని ముచ్చటపడతారు. "ముప్పై ఏళ్ళుగా సబ్బు వండుతున్న మనిషిని అడిగాను" అను. అది పని. పని తెలిసినవాళ్ళని అడిగితే ఎవరి పరువూ పోదు.

నీ చేతులకి సబ్బు ఉందన్నాడా ఆ పెద్దమనిషి? ఉంది. ఏ నీళ్ళతో కడిగినా పోదని చెప్పు.

కాలేయం వాళ్ళు ఇద్దరయ్యారు, అక్కడొకడు, ఇక్కడొకడు. ఇద్దరికీ ఒకేసారి జవాబు చెప్పొచ్చు. ఖర్చు తక్కువ.

అత్త


ఆగస్టు 30

అత్తా,

సమీక్ష అయింది. వరసగా రాస్తాను, ఎందుకంటే తలలో ఇంకా వరసగా లేదు.

గదిలో పొడుగు బల్ల, అటువైపు ఐదుగురు. ఫ్యాన్ ఒకటి చప్పుడు చేస్తోంది. లేచి నిలబడి బల్ల అంచు పట్టుకున్నాను. "ఎదుగుతున్న వీర్యకణాల పొరలో" అని మొదలుపెట్టాను. నాకంటే ముందు మాట్లాడిన అమ్మాయి ఆ మాట వచ్చినచోటల్లా గొంతు దించింది. నేను దించలేదు. మూడు పలకలు చూపించాను. ఉప్పు లేనిది, ఉన్నది, సబ్బుది. "మనం ఆరేళ్ళుగా ఈ కొవ్వుని కడిగి పారేస్తున్నాం. పొట్టేళ్ళలో లేదని రాసింది తప్పు" అన్నాను.

ఐదుగురూ పలకల మీదకి వంగారు.

చివర్లో కూర్చున్న పెద్దాయన, ఉప్పు ఆలోచన ఎక్కడిదని అడిగాడు. నువ్వు చెప్పమన్నట్టే, మాట పొల్లుపోకుండా చెప్పాను. ఒకరు నవ్వారు. సీనియర్ పెన్ను మూత పెట్టి తీసి, పెట్టి తీసి, అదే పనిలో ఉన్నాడు. మేడం నవ్వలేదు. "అయితే మన పాత లెక్కలన్నీ తప్పేనా?" అంది. "ఈ ఒక్క కొవ్వు వరకు తప్పేనండీ" అన్నాను. "రేపు ఎనిమిదింటికి రా" అంది.

మర్నాడు మేడం స్వయంగా ఏప్రన్ కట్టుకుంది. తను బల్ల ముందు నిలబడి చేసి పదేళ్ళయిందట. నన్ను ఏదీ ముట్టుకోనివ్వలేదు. నేను దూరంగా స్టూలు మీద కూర్చుని చూశాను. ఉప్పుతో ఒకటి, ఉప్పు లేకుండా ఒకటి, మూడేసిసార్లు. మూడుసార్లూ ఉప్పు వేసినదాంట్లోనే మచ్చ వచ్చింది. మేడం వెళ్ళి గోడ మీది కాగితం పీకేసింది. కొత్తది రాయమని నాకు పెన్ను ఇచ్చింది. వ్యాసం సరిదిద్దుతూ పత్రికకి ఉత్తరం రాయమని సీనియర్‌కి చెప్పింది.

గెలిచిపోయాననుకోకు. నా విషయం నాకే ఉంది, అంతవరకు నిజం. కానీ ఆ మిషన్ ఎవరికి ఎప్పుడని వరసలు వేసేది సీనియరే, నా పేరు అక్టోబరులో పడింది. నా టీ కప్పు ఎవరో ఎక్కడో పెట్టేశారు. నురగ అనడం మాత్రం మానేశారు. మొన్న కబేళా మేస్త్రీ, "పాసయ్యావా?" అని అడిగాడు. అయ్యానంటే, డబ్బాలో ఇంకొంచెం ఐసు వేశాడు.

ఈ కింద ఉన్నది నాన్నకి. కాగుల దగ్గర, పనివాళ్ళందరూ ఉండగా, బాయిలర్ ఆపించి చదువు. నువ్వు చెప్పింది అందరి ముందే కాబట్టి నా జవాబూ అందరి ముందే ఉండాలి. ఏ మాట దగ్గరా ఆగకు.

నీ ప్రశ్నలపుట్ట


నాన్నా,

నేను కాలేయం చదవను.

అత్త నీకు చెప్పింది నిజం. సబ్బు అనుకోనిచ్చింది మాత్రం నేను. నువ్వు గది ఖాళీ చేయించి సున్నం కొట్టిస్తున్నావని తెలిసి కూడా నెల రోజులు నోరు మెదపలేదు. అది నా తప్పు. దానికి నీ ముందు తల వంచుతాను. చదువుతున్నదానికి వంచను.

కార్ఖానా గుమ్మంలో కొవ్వు డబ్బాలు దింపినప్పుడు, ఇది పశువులో ఏ భాగం నుంచి తీశారని నువ్వు ఎప్పుడైనా అడిగావా? మూత తీసి వాసన చూస్తావు. శుభ్రంగా ఉందా, పనికొస్తుందా అని చూస్తావు. నాకు కొవ్వుని అలా చూడటం నేర్పింది నువ్వే. నేను ఇక్కడ చేస్తున్నది అంతకంటే వేరు కాదు. ఎక్కడ నుంచి వచ్చిందని సిగ్గుపడితే మన ఇంట్లో ఏ రోజూ కాగు పొయ్యి ఎక్కేది కాదు.

వీర్యకణం పొరలో ఒక కొవ్వు ఉంది. అది లేకపోతే ఎలుకల్లో కణం సగం దారిలో ఆగిపోతుంది. పొట్టేళ్ళలో అది ఎప్పుడు మొదలవుతుందో ఇక్కడెవరికీ తెలియదు. ఈ నెల మొదటి నుంచి నాకు కొంత తెలుసు. మొత్తం తెలుసుకునేదాకా ఇక్కడే ఉంటాను.

నెలాఖరుకి రమ్మన్నావు. రావడం లేదు. ఇక రానక్కరలేదన్నావు. వస్తాను. సెలవులు ఇవ్వగానే వస్తాను, అది నా ఇల్లు కూడా. ఆ రోజు కార్ఖానా వాకిట్లో ఎవరైనా మీ అమ్మాయి ఏం చదువుతోందని అడిగితే నువ్వు మాటలు వెతుక్కోనక్కరలేదు, జవాబు నేనే చెప్తాను. నువ్వు పక్కన నిలబడితే చాలు. నిలబడలేకపోతే కాస్త దూరంగా నిలబడు. నా గొంతు అంత దూరం వినిపిస్తుంది.

నీ కూతురు